బట్టలో లోపాలు పట్టే కెమెరాలు: టెక్స్‌టైల్ చదివేవాళ్లకు అక్కడ చోటుందా?

ప్రశ్న: నేను టెక్స్‌టైల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సెలవుల్లో ఆరు వారాలు ఒక నేత మిల్లులో ట్రైనింగ్‌కు వెళ్లాను. అక్కడ బట్టను స్కాన్ చేసి లోపాలు పట్టే కెమెరా మెషీన్ ఉంది. కానీ ఊరికే తప్పుడు అలారాలు కొడుతోందని ఇన్‌స్పెక్టర్లు దాన్ని ఆపేసి, పాత పద్ధతిలో కళ్లతోనే చూస్తున్నారు. నా మనసు మాత్రం ఆ మెషీన్ మీదే ఉంది. అది కంప్యూటర్ సైన్స్ వాళ్ల పని, నీకక్కడ ఏముంది అంటున్నారు మా క్లాస్‌మేట్లు. ఇంట్లోవాళ్లేమో టెక్స్‌టైల్ పక్కన పెట్టి సాఫ్ట్‌వేర్ కోర్సు చేయమంటున్నారు. ఇవన్నీ వింటుంటే టెన్షన్‌గా ఉంది. ఈ రంగంలోకి రావాలంటే ఏం నేర్చుకోవాలి? మెషీన్లు బాగా పనిచేస్తే బట్ట చూసే టేబుళ్ల దగ్గర నిలబడే ఇన్‌స్పెక్టర్ల ఉద్యోగాలు పోతాయి కదా, అలాంటి పనిలోకి వెళ్లడం సరైనదేనా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ ఆపేసిన మెషీన్. దాన్ని ఎందుకు ఆపేశారో మీరు పూర్తిగా అర్థం చేసుకుంటే, మీ ప్రశ్నల్లో సగం అక్కడే తేలిపోతాయి. అందుకే ముందు ఒక చిన్న లెక్క వేద్దాం.

100 మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు ఉన్న ఒక బట్ట రోల్ తీసుకోండి. సాఫ్ట్‌వేర్ దాన్ని 10 సెంటీమీటర్ల చదరపు ముక్కలుగా చూస్తుందనుకుందాం. మొత్తం 16,000 ముక్కలు. బాగున్న ముక్కల్లో నూటికి ఒక్కదాన్ని మాత్రమే పొరపాటున లోపం అనే ప్రోగ్రాం మీ దగ్గర ఉంది. కాలేజీ ప్రాజెక్టులో దీన్ని 99 శాతం అని రాసుకుంటారు, మార్కులు కూడా బాగానే వస్తాయి. మిల్లులో మాత్రం ఒక్క రోల్‌కే 160 తప్పుడు అలారాలు. బట్ట నిమిషానికి 60 మీటర్ల వేగంతో పోతుంటే ఆ రోల్ 100 సెకన్లలో అయిపోతుంది. అంటే సెకనుకు ఒకటిన్నర కంటే ఎక్కువ అలారాలు. వాటి మధ్య నిజమైన లోపాల అలారాలు ఇంకో పదో పన్నెండో మాత్రమే ఉంటే, ఏ ఇన్‌స్పెక్టర్ మాత్రం ఎంతసేపు ఓర్చుకుంటారు? ఆపేసినవాళ్లది తప్పు కాదు.

ఇక్కడ మీ క్లాస్‌మేట్ల మాటకు కూడా జవాబు ఉంది. ఆ 160 అలారాలు ఎందుకు వస్తున్నాయో కోడ్ చూసి చెప్పడం కష్టం. కొన్ని మడతల నీడలు. కొన్ని నూలులో సహజంగా ఉండే లావు సన్నాలు. కొన్ని బట్టకు అంటుకున్న దూది పింజలు, దులిపితే పోయేవి. కొన్ని అంచు దగ్గర బట్ట వదులై అలలా ఊగడం వల్ల వచ్చినవి. ఏది లోపం, ఏది కాదు అని చెప్పాలంటే బట్ట తెలియాలి. నేత తెలియని ప్రోగ్రామర్‌కు ఇవన్నీ ఒకేలాంటి మచ్చలు. పడుగు (నిలువు) పోగు తెగిన గీత నిలువుగా వస్తుందని, పేక (అడ్డ పోగు) తప్పిన గీత అడ్డంగా వస్తుందని, మగ్గం ఆగి మళ్లీ మొదలైన చోట ఒక పట్టీ కనిపిస్తుందని, నూనె మరక దేన్నుంచి కారి ఉంటుందో అని ఆలోచించగలిగేది మీరు. ఈ రంగంలో నాకు కనిపించే కొరత అలాంటి మనుషులకే. కోడ్ రాసేవాళ్లు దొరుకుతారు. బట్టనూ వెలుతురునూ కలిపి చదవగలిగేవాళ్లు తక్కువ.

వెలుతురు అని ఊరికే అనలేదు. కొత్తగా వచ్చేవాళ్లు అందరూ కెమెరా గురించీ, ఏఐ మోడల్ గురించీ అడుగుతారు, లైటు గురించి అడగరు. కానీ లైటు సరిగ్గా పెట్టకపోతే లోపం ఫొటోలోకే రాదు. ఫొటోలో లేనిదాన్ని ఏ మోడలూ పట్టలేదు. బట్ట వెనక నుంచి లైటు వేస్తే చిల్లులు, తెగిన పోగులు, పలచబడిన చోట్లు మెరుస్తాయి. ముందు నుంచి వేస్తే మరకలు, రంగు తేడాలు తెలుస్తాయి. పక్క నుంచి, బట్టకు దాదాపు ఆనుకున్నట్టు వంపుగా వేస్తే ముడులు, లేచిన పోగులు నీడ పడి బయటపడతాయి. ఒకే లైటుతో అన్ని లోపాలూ పట్టాలనుకున్న మెషీన్ ఏదో ఒక చోట చతికిలబడుతుంది. ఇంకో సంగతి: రంగు షేడ్ ఎంత తేడా ఉందో కచ్చితంగా కొలవడానికి మామూలు కెమెరా సరిపోదు, దానికి రంగును అంకెల్లో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ అనే పరికరం ఉంది. కెమెరా ఇచ్చే అంకెలతోనే షేడ్ ఒప్పుకోవచ్చని ఎవరైనా అంటే, ఆ మాట నమ్మే ముందు ఒకటికి రెండుసార్లు పరీక్షించండి.

ఇక కెమెరా. ఈ మెషీన్లలో ఎక్కువగా వాడేది లైన్ స్కాన్ కెమెరా. అది మొత్తం ఫొటో ఒకేసారి తీయదు. బట్ట కదులుతుంటే ఒక్కో సన్నని గీత చొప్పున తీసి, ఆ గీతలన్నీ పేర్చి బొమ్మ చేస్తుంది. రోలర్‌కు బిగించిన ఎన్‌కోడర్ బట్ట ఎంత కదిలిందో చెబుతుంటుంది, దాన్ని బట్టే తర్వాతి గీత తీస్తుంది. 1.6 మీటర్ల వెడల్పును 0.2 మిల్లీమీటర్లకు ఒక పిక్సెల్ చొప్పున చూడాలంటే అడ్డంగా 8,000 పిక్సెళ్లు కావాలి. సెకనుకు ఒక మీటరు కదిలే బట్టకు సెకనుకు 5,000 గీతలు. ఒక్కో గీతకు దొరికే సమయం సెకనులో 5,000వ వంతు. అంత తక్కువ సమయంలో బొమ్మ పడాలంటే లైటు ఎంత బలంగా ఉండాలో ఊహించండి.

ఇంటర్వ్యూలో ఈ లెక్క చెబితే చాలామంది మెచ్చుకుంటారు. కానీ ఇందులో ఒక గొయ్యి ఉంది, అది టెక్స్‌టైల్ వాళ్లకే ముందు కనిపించాలి. సెంటీమీటరుకు 30 పోగులున్న బట్టలో పోగుకూ పోగుకూ మధ్య దూరం దాదాపు 0.33 మిల్లీమీటర్లు. మన పిక్సెల్ 0.2. అంటే ఒక పోగుకు రెండు పిక్సెళ్లు కూడా రావడం లేదు. అప్పుడు బట్టలో లేని అలలు, చారలు బొమ్మలో పుడతాయి. దీన్ని మోయిరే అంటారు. సాఫ్ట్‌వేర్ ఆ చారల్ని లోపాలనుకుని అలారం కొడుతుంది. మీ మిల్లులో జరిగింది ఇదేనని నేను చూడకుండా అనలేను, కానీ వెతకాల్సిన మొదటి చోట్లలో ఇదొకటి. మందు రెండు రకాలు. పిక్సెల్‌ను 0.1 మిల్లీమీటరుకు తగ్గించడం, అంటే అడ్డంగా 16,000 పిక్సెళ్లు, సెకనుకు 10,000 గీతలు, ఖర్చు ఎక్కువ. లేదా లెన్స్‌ను కావాలనే కొద్దిగా ఫోకస్ తప్పించి, విడి పోగులు కనిపించకుండా చేసి, పెద్ద లోపాల మీదే దృష్టి పెట్టడం. ఏది సరైనదో ఆ మిల్లు ఏ బట్ట నేస్తోంది, కొనేవాళ్లు ఏ లోపాన్ని అసలు ఒప్పుకోరు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ నిర్ణయం కోడ్ రాసే చోట జరగదు.

ఇప్పుడు ఏం నేర్చుకోవాలో చెబుతాను.

ముందు ఫోర్ పాయింట్ పద్ధతిలో, అంటే లోపం పొడవును బట్టి బట్టకు పాయింట్లు వేసే పద్ధతిలో, మీ చేత్తో మీరే కనీసం వంద రోల్స్ గ్రేడ్ చేయండి. 3 అంగుళాల లోపు లోపానికి 1 పాయింటు, 3 నుంచి 6 వరకు 2, 6 నుంచి 9 వరకు 3, 9 దాటితే 4. ఒక గజం పొడవులో ఎన్ని లోపాలున్నా 4 పాయింట్లకు మించి వేయరు. ఇది పుస్తకంలో ఒక పేజీ విషయం, చదివితే ఐదు నిమిషాలు. కానీ నాలుగో గంట దాటాక, కళ్లు అలసిపోయాక, నల్ల బట్ట మీద చిన్న చిల్లు ఎలా తప్పించుకుంటుందో నిలబడి చూస్తేనే తెలుస్తుంది. తర్వాత మీరు ఏ సిస్టమ్ తయారుచేసినా దాని రిపోర్టు చివరికి ఈ పాయింట్లలోకే మారాలి.

దాని పక్కనే పైథాన్ ప్రోగ్రామింగ్, ఫొటోలను విశ్లేషించే ఓపెన్‌సీవీ లైబ్రరీ మొదలుపెట్టండి. నేత అంటే పడుగు పేకలు ఒకే క్రమంలో తిరిగి తిరిగి రావడం. ఆ క్రమాన్ని ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణిత పద్ధతి కొన్ని స్పష్టమైన చుక్కలుగా చూపిస్తుంది. క్రమం ఎక్కడ చెడిందో గేబర్ ఫిల్టర్లు, అంటే ఒక దిశలో ఒక దూరంలో వచ్చే గీతలను వెతికే ఫిల్టర్లు, చూపిస్తాయి. ఇవి పాతవే, కానీ వదిలేయకండి. ప్లెయిన్ బట్ట మీద ఇవి వేగంగా పనిచేస్తాయి, ఎందుకు అలారం కొట్టాయో కూడా చెప్పగలవు. ఆ తర్వాత డీప్ లెర్నింగ్‌కు, అంటే ఫొటోలు చూపించి ఏఐ మోడల్‌కు నేర్పే పద్ధతికి, వెళ్లండి. అక్కడ మీకు ఎదురయ్యే పెద్ద ఇబ్బంది లోపాల ఫొటోలు దొరకకపోవడం. మంచి బట్ట కిలోమీటర్ల కొద్దీ ఉంటుంది, ఒక్కో రకం లోపం మాత్రం ఎప్పుడో ఒకసారి వస్తుంది. అందుకే మంచి బట్టను మాత్రమే నేర్పి, దానికి భిన్నంగా ఉన్నదాన్ని పట్టే పద్ధతులు ఇక్కడ బాగా నడుస్తున్నాయి. ఎంవీటెక్ ఏడీ అనే డేటాసెట్ 2019లో ఈ ఆలోచనతోనే వచ్చింది. అందులో 15 రకాల వస్తువులు, ఉపరితలాల ఫొటోలుంటాయి, కార్పెట్, తోలు కూడా ఉన్నాయి. సాధన అక్కడ మొదలుపెట్టండి. ప్రింట్ బట్టలు, నేతలోనే వచ్చే జకార్డ్ డిజైన్లు, అల్లికతో చేసే సాగే నిట్ బట్టలు మాత్రం తర్వాతకు ఉంచండి. బట్ట కొంచెం సాగినా, వంకర తిరిగినా డిజైన్ చోటు మారిపోతుంది, ఆ చిక్కు వేరు.

కెమెరా లేదే అని ఆగిపోవద్దు. డాక్యుమెంట్లు స్కాన్ చేసే మామూలు ఫ్లాట్‌బెడ్ స్కానర్ కూడా గీత తర్వాత గీత చదివేదే. 300 డిపిఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఒక పిక్సెల్ దాదాపు 0.085 మిల్లీమీటర్లు. లోపాలున్న బట్ట ముక్కలు మిల్లులో అడిగి తెచ్చుకోండి. ఒకసారి వెనక నల్ల కాగితం, ఒకసారి తెల్ల కాగితం పెట్టి స్కాన్ చేయండి, చిల్లు ఎలా మారుతుందో చూడండి. చాలా స్కానర్లలో లైటు ఒక పక్క నుంచే పడుతుంది కాబట్టి ముక్కను 90 డిగ్రీలు తిప్పి మళ్లీ చేయండి, లేచిన పోగు ఒక దిశలో కనిపించి ఇంకో దిశలో మాయమవడం గమనించవచ్చు. తర్వాత డిపిఐ 150కి, 100కి తగ్గించుకుంటూ రండి. మోయిరే చారలు కనిపిస్తే, నేను పైన చెప్పిన గొయ్యిని మీ కళ్లతో చూసినట్టే. మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఇదే కావచ్చు.

ఉద్యోగాల విషయం. మెషీన్లు తయారుచేసే కంపెనీల్లో అప్లికేషన్ ఇంజినీర్లు ఉంటారు. మిల్లుకు వెళ్లి లైట్లు, లెన్సులు అమర్చి, ఆ మిల్లు బట్టకు సిస్టమ్‌ను సర్దేది వాళ్లే. ప్రయాణాలు ఎక్కువ, షిఫ్టులతో పని, కానీ మీలాంటి వాళ్లు వేగంగా ఎదిగేది అక్కడే అని నా నమ్మకం. మిల్లుల క్వాలిటీ విభాగాల్లో ఆ డేటా చదివి ఏ మగ్గం దగ్గర తప్పు జరుగుతోందో పట్టే పని ఉంది. అల్గారిదమ్‌లు రాసే పని కూడా ఉంది, దానికి మాత్రం కంప్యూటర్ సైన్స్ వాళ్లతో నేరుగా పోటీ పడాలి.

ఒక నిజం దాచను. బట్టల ఇన్‌స్పెక్షన్ ఒక్కటే నమ్ముకుంటే అవకాశాలు తక్కువ. కానీ ఇదే విద్య కాగితం, ప్లాస్టిక్ ఫిల్మ్, లోహపు రేకులు, నాన్‌వోవెన్ (నేయకుండా చేసే బట్ట) లాంటి రోల్స్‌గా నడిచే ప్రతి వస్తువుకూ పనికొస్తుంది. లైన్ స్కాన్, ఎన్‌కోడర్, లైటింగ్ అన్నీ అవే. ఇంట్లోవాళ్లకు ఇది చెప్పండి. మీరు సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం మానడం లేదు, దానికి ఒక వస్తువును జతచేస్తున్నారు. టెక్స్‌టైల్ వదిలి మామూలు కోర్సు చేస్తే మీరు చాలామందిలో ఒకరవుతారు, మీ మూడేళ్ల చదువు వృథా అవుతుంది. నేనైతే వదలవద్దనే అంటాను.

చివరి ప్రశ్న అడిగినందుకు మీ మీద గౌరవం పెరిగింది. ఉద్యోగాలు ఏమీ పోవని నేను అనను. ప్లెయిన్ బట్టను గంటల తరబడి చూసే పని తగ్గుతుంది. అయితే ఆ పని మనిషి కళ్లనూ నడుమునూ ఎంత పిండుతుందో ఆరు వారాల్లో మీరే చూసి ఉంటారు. లోపం తీవ్రత తేల్చడం, కారణం వెతకడం, సరిచేయడం ఇంకా మనుషుల దగ్గరే ఉన్నాయి. పైగా అసలు లాభం టేబుల్ దగ్గర లేదు, మగ్గం దగ్గర ఉంది. నిమిషానికి 600 పేకలు వేసే మగ్గం మీద, సెంటీమీటరుకు 20 పేకల బట్ట నిమిషానికి 30 సెంటీమీటర్లు వస్తుంది. తెగిన పడుగు పోగును మగ్గం తనంతట తాను పట్టి ఆగకపోతే, ఎవరూ చూడకపోతే ఎనిమిది గంటల షిఫ్టులో 144 మీటర్ల బట్ట పాడవుతుంది. తర్వాత టేబుల్ మీద ఎంత బాగా పట్టుకున్నా ఆ బట్ట మంచిది కాదు. మగ్గం మీదే కెమెరా ఉంటే మొదటి మీటరులోనే ఆపవచ్చు. ఆ కెమెరాకు ఏది లోపమో నేర్పగలిగినవాళ్లు ఇప్పుడు టేబుల్ దగ్గర నిలబడ్డ ఇన్‌స్పెక్టర్లే. ఫొటోలకు పేర్లు పెట్టే పనిలో వాళ్లను కూర్చోబెట్టమని, దానికి తగిన జీతం, హోదా ఇవ్వమని మీరు ఉద్యోగంలో చేరాక అడగగలరు.

ఈ సెమిస్టర్ ఎలక్టివ్‌లలో ఇమేజ్ ప్రాసెసింగ్ ఉంటే తీసుకోండి. వీలైతే మళ్లీ సెలవుల్లో ఆ మిల్లుకే వెళ్లి, ఆపేసిన మెషీన్‌ను ఒక్క రోల్ కోసం నడపనివ్వమని అడగండి. ప్రతి అలారం దగ్గర బట్టను ఆపి, అక్కడ ఏముందో, ఇన్‌స్పెక్టర్ ఏమన్నారో నోట్‌బుక్‌లో రాయండి. ఆ నోట్‌బుక్ తీసుకుని ఇంటర్వ్యూకు వెళ్లండి. మీ ప్రాజెక్టు రిపోర్టులో కూడా శాతాల బదులు ఒక రోల్‌కు ఎన్ని తప్పుడు అలారాలు వచ్చాయి, ఎన్ని నిజమైన లోపాలు తప్పిపోయాయి అన్నది మొదటి పేజీలో రాయండి.