ఆదివారం రద్దీని నమ్మి ఇంట్లో బంగారం తాకట్టు పెట్టకండి

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. నెల్లూరులో ప్రైవేటు ఉద్యోగం. నెలకు 48,000 చేతికొస్తుంది, ఇంటి ఖర్చు 34,000. ఇద్దరు పిల్లలు. అమ్మానాన్న మాతోనే ఉంటారు. మైపాడు బీచ్ దగ్గర 20 అంకణాల ప్లాటు 18 లక్షలకు వస్తోంది. టూరిజం పెరుగుతోంది కాబట్టి అందులో నాలుగు గదులు కట్టి అద్దెకిద్దామని, కట్టుబడి ఖర్చు తనే పెట్టుకుంటానని మా బావమరిది అంటున్నాడు. నా దగ్గర 6 లక్షల ఎఫ్‌డీ ఉంది. బంగారం బ్యాంకులో పెడితే 5 లక్షలు వస్తాయి. మిగతా 7 లక్షలు తెలిసినాయన రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు. ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదు. కొనమంటారా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: వద్దండి. ఇలాంటి ఉత్తరాలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. కొత్తపట్నం, పాకల, తుమ్మలపెంట అని ఊరి పేరు మారుతుందంతే, అందరూ చేస్తున్న పొరపాటు ఒకటే. అందుకే మీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ అంకెలే చూద్దాం. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 7 లక్షలకు నెలకు 14,000. బంగారం అప్పుకు ఏడాదికి 9 శాతమే వేసుకున్నా నెలకు మరో 3,750. మొత్తం 17,750. ఇది వడ్డీ మాత్రమే, అసలులో ఒక్క రూపాయి తగ్గదు. ఖర్చులు పోను మీకు మిగిలేది 14,000. అంటే గదులకు పునాది పడకముందే నెలనెలా 3,750 లోటు. 18 లక్షల మీదే రిజిస్ట్రేషన్ జరిగితే 7.5 శాతం చొప్పున ఇంకో 1,35,000 కావాలి. మీరు రాసిన లెక్కలో ఆ డబ్బే లేదు. దాన్ని కూడా అదే ఆయన దగ్గర తెస్తారు, ఇంకెక్కడా పుట్టదు కాబట్టి.

‘తెలిసినాయన’ అన్న మాటకు మోసపోకండి. ప్రోనోటుకు మూడేళ్ల గడువు. ఈలోపు వడ్డీ కట్టలేకపోతే దాన్ని అసలుకు కలిపి నోటు తిరగరాయమంటారు. 7 లక్షల నోటు మూడేళ్లకు 12 లక్షలు దాటుతుంది. జీతం మీద బతికే కుటుంబాలు స్థలాల కోసం ఈ ఊబిలో దిగడం చూస్తుంటే నాకు నిజంగా కోపం వస్తుంది. ఇచ్చేవాడు అడిగీ అడగకముందే ఇస్తున్నాడంటే, ఆ ప్లాటు చివరికి తనకే వస్తుందన్న ధీమా ఉండబట్టే.

ఇక టూరిజం సంగతి. మైపాడు అందమైన తీరమే, కాదనను. ఆదివారం సాయంత్రం వెళ్తే రోడ్డు పొడవునా కార్లు, చేప వేపుళ్ల బళ్ల దగ్గర జనం, నీళ్లలోంచి బయటికి రామని మారాం చేసే పిల్లలు. కానీ చీకటి పడ్డాక అక్కడే ఇంకో గంట నిలబడి చూడండి. కార్లన్నీ నెల్లూరు వైపే తిరుగుతాయి. ఊరు పాతిక కిలోమీటర్లే. ఇంటికెళ్లి అన్నం తిని పడుకునేవాళ్లు మీకు గది అద్దె ఎందుకిస్తారు? మంగళవారం మధ్యాహ్నం అదే ఇసుకలో వలలు బాగుచేసుకునే మత్స్యకారులు తప్ప పెద్దగా ఎవరూ కనిపించరు. మీ వడ్డీ మాత్రం మంగళవారానికీ నడుస్తుంది.

కార్తీక పౌర్ణమి స్నానాలకు జనం పోటెత్తుతారు నిజమే. మన దగ్గర తుపాన్ల కాలం కూడా సరిగ్గా అదే. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు దగ్గర జాతీయ రహదారి మీద రాకపోకలే ఆగిపోయాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది. అలాంటి నెలలో నాలుగు గదులూ ఖాళీగా ఉంటాయి, పైగా రేకులు లేస్తే మరమ్మతు ఖర్చు మీదే.

ఇప్పుడు నేను ఎవరికైనా చెప్పే మొదటి మాట. మీకు అత్యవసర నిధి లేదు. ఆ 6 లక్షల ఎఫ్‌డీ ఒక్కటే ఇంటికి ఆసరా, దాన్నే ముందు విరగ్గొడతానంటున్నారు. రెండో ఆసరా బంగారం, దాన్నీ పెట్టేస్తున్నారు. రేపు నాన్నగారికి గుండెనొప్పి వస్తే ప్లాటులో రెండు అంకణాలు కోసి ఆసుపత్రిలో కట్టలేరు కదా. ఉద్యోగం పోతే కంపెనీ ఆరోగ్య బీమా కూడా దాంతోనే పోతుంది. ఆరు నెలల ఖర్చు 2,04,000, పెద్దవాళ్ల వైద్యానికి ఇంకో లక్ష. ఈ 3 లక్షలు ఎఫ్‌డీలోంచి విడదీసి, మీ భార్య పేరు కూడా ఉన్న ఖాతాలో పెట్టండి. దాన్ని బావమరిదికి కూడా చూపించకండి. తర్వాత కనీసం 60 లక్షలకు టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటికి డబ్బు వచ్చే జీవిత బీమా), కుటుంబానికి సొంత ఆరోగ్య పాలసీ. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ రెండింటి మీదా జీఎస్టీ లేదు, వాయిదా వేయడానికి సాకు కూడా లేదు. మిగిలే డబ్బుతో సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కొంత పెట్టడం) మొదలుపెట్టవచ్చు.

బీచ్ దగ్గర వ్యాపారం మీద అంత మనసుంటే, ఇప్పటికే ఉన్న గదుల్ని బావమరిదిని ఒక వేసవి లీజుకు తీసుకుని నడిపి చూడమనండి.

ఎప్పటికైనా అక్కడ స్థలం కొనేటప్పుడు మాత్రం ‘సముద్రం ఎదురుగానే’ అన్న మాట వింటే ఆగండి. తీరంలో కట్టడాలను నియంత్రించే 2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ ప్రకారం జనసాంద్రత తక్కువున్న పల్లె తీరంలో హైటైడ్ లైన్ (పోటు సమయంలో నీళ్లు వచ్చే హద్దు) నుంచి 200 మీటర్ల లోపు కొత్త కట్టడాలకు సాధారణంగా అనుమతి రాదు. అంటే మీ దగ్గర స్థలం ఉంటుంది, గది ఉండదు. సర్వి తోటల పక్కన అమ్ముతున్న వాటిలో అసైన్డ్ భూములు (ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి) కలిసిపోయి ఉండొచ్చు. సర్వే నంబరు 22-ఎ (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల) నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి, 30 ఏళ్ల ఈసీ (ఆ స్థలం మీద నమోదైన అమ్మకాలు, తాకట్ల వివరాల పత్రం) తీయించండి. బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూడండి. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల పక్కన చాలాచోట్ల ఉప్పునీళ్లే పడతాయి.

అడ్వాన్సు ఇవ్వలేదన్నారు, ఇవ్వకండి. ఆ రెండు రూపాయల వడ్డీ ఆయనకు ఈ రోజే ఫోన్ చేసి డబ్బు అవసరం లేదని చెప్పేయండి. ఎఫ్‌డీ విడదీసే పని ఈ వారంలో పెట్టుకోండి.