సిలిండర్లు మోయడానికి డిగ్రీ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో ఎంబీబీఎస్ సీటుకు సరిపడా ర్యాంకు రాలేదు. బీఎస్సీ అనస్థీషియా (మత్తు) టెక్నాలజీలో చేరతానంటోంది. ఆపరేషన్ థియేటర్‌లో ఆక్సిజన్ సిలిండర్లు మోసే పనికి డిగ్రీ ఎందుకని బంధువులు అంటున్నారు. మీ సలహా ఏమిటి?
– స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: సిలిండర్ల బాధ్యత ఆ ఉద్యోగంలో ఉన్న మాట నిజమేనండీ. అయితే అది మోసుకొచ్చి పెట్టడంతో తీరిపోయే బాధ్యత కాదు. ఉదయం తొలి కేసుకు ముందే మత్తు మిషన్‌కు ఆక్సిజన్ తెచ్చే పైపులైను విడదీసి, సిలిండర్ తెరిచి, పీడనం చూడాలి. నిండు సిలిండరైతే సుమారు 2000 పీఎస్ఐ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) చూపాలి. వాయువులో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో కొలిచే ఆక్సిజన్ అనలైజర్ గది గాలిలో 21 శాతం చూపుతోందో లేదో సరిచూడాలి. ఫ్లోమీటర్ వాయువు ఎంత పారుతోందో చెబుతుందే తప్ప, పారేది ఆక్సిజనేనని చెప్పలేదు. మిషన్ మీద ఆ సంగతి నేరుగా పట్టుకునేది అనలైజరే. అందుకే నేనైతే దీనిని మోత పని అనను, కాపలా పని అంటాను.

మత్తుమందుతో పాటు కండరాలను సడలించే మందు ఎక్కించాక రోగికి సొంత శ్వాస ఆగిపోతుంది. గొంతులోకి గొట్టం వేసి మిషన్‌కు కలిపేలోగా, ఊపిరితిత్తుల్లో నిల్వ ఉన్న ఆక్సిజన్‌తోనే శరీరం నెట్టుకురావాలి. పెద్దవారి శరీరం విశ్రాంతిలో ఉన్నా నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్లు వాడుకుంటుంది కనుక, మామూలు గాలి మాత్రమే పీల్చిన మనిషికి ఆ నిల్వ ఒకటి రెండు నిమిషాల్లోనే అడుగంటుతుంది. ముందుగా 3 నిమిషాలు మాస్కు బిగుతుగా పట్టి 100 శాతం ఆక్సిజన్ పీల్పిస్తే, ఆరోగ్యవంతులైన పెద్దవారిలో ఆ గడువు సుమారు 8 నిమిషాల దాకా సాగవచ్చు. స్థూలకాయులకు, నిండు గర్భిణులకు, పసిపిల్లలకు అంత వ్యవధి దొరకదు. మాస్కు అంచున చిన్న సందు ఉన్నా గది గాలి లోపలికి కలిసి ఆ గడువు తగ్గిపోతుంది. ఆ సందును గమనించి డాక్టరు చేతికి సరైన సైజు మాస్కు అందించే మనిషి మీ అమ్మాయి కావచ్చు.

ఆమెకు ఈ చదువు నచ్చుతుందో లేదో తెలుసుకోవడానికి ఒక ప్రశ్న వేసి చూడండి. రోగి వేలికి తగిలించిన పల్స్ ఆక్సీమీటర్ 100 చూపుతోంది, హిమోగ్లోబిన్ మాత్రం 100 మిల్లీలీటర్ల రక్తానికి 5 గ్రాములే ఉంది, ఆక్సిజన్ సరిపోతున్నట్టేనా? మీకు సులువుగా అర్థమయ్యే పోలిక ఒకటి ఉంది. 2021 ఏప్రిల్‌లో దేశంలోని తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు మీ స్టీల్‌ప్లాంట్‌లో ట్యాంకర్లు నింపుకొని మహారాష్ట్రకు బయలుదేరింది. ట్యాంకర్లన్నీ నిండుగా ఉన్నాయనడం వేరు, ట్యాంకర్లు ఎన్ని ఉన్నాయి, రైలు కదులుతోందా అన్నవి వేరు. రక్తంలో ట్యాంకర్లంటే హిమోగ్లోబిన్, రైలును నడిపేది గుండె. ఆక్సీమీటర్ చెప్పేది మొదటి సంగతి మాత్రమే, అంటే ఉన్న హిమోగ్లోబిన్ ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందన్నదే. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది కాబట్టి, 15 గ్రాములున్న మనిషికి ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 20 మిల్లీలీటర్లు ఉంటే, ఈ రోగికి 7 దగ్గరే ఆగిపోతుంది. కణజాలానికి ఆక్సిజన్ అందని స్థితినే హైపాక్సియా అంటారు. ఊపిరితిత్తుల లోపం వల్లే కాక రక్తహీనత వల్ల, గుండె సరిగా రక్తం పంపకపోవడం వల్ల, సైనైడ్ వంటి విషాల వల్ల కూడా అది వస్తుంది. మాస్కు పెట్టడమొక్కటే అన్నిటికీ మందు కాదు. పైగా దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి ఉన్న కొందరికి అతిగా ఆక్సిజన్ ఇస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతుంది కనుక, వారికి ఆక్సీమీటర్ అంకెను 88–92 శాతం మధ్య ఉంచుతారు. ఈ లెక్క వినగానే మీ అమ్మాయి ఎదురు ప్రశ్నలు వేస్తే నిశ్చింతగా చేర్పించండి. విసుక్కుంటే తొందరపడకండి.

ఒక విషయంలో మాత్రం భ్రమ వద్దు. ఈ డిగ్రీతో ఆమె మత్తు డాక్టరు కాదు; సొంతంగా మత్తు ఇచ్చే అధికారం రాదు. అది కావాలంటే ఎంబీబీఎస్ చేసి, ఆపైన ఎండీ అనస్థీషియా వంటి పీజీ చదవాలి. డాక్టరు కావాలన్న కోరిక ఇంకా బలంగా ఉంటే మరోసారి నీట్ రాయనివ్వండి. మనసు అక్కడ పెట్టుకొని ఇక్కడ చేరిన పిల్లలు మధ్యలో నలిగిపోవడం చూస్తూనే ఉన్నాను. జీతం కూడా మొదట్లో ఆశించినంత ఉండదు. గుర్తింపు విషయంలో మాత్రం పరిస్థితి మెరుగైంది: 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం అనస్థీషియా టెక్నాలజిస్టులను కూడా తన జాబితాలో చేర్చింది.

కాలేజీ ఎంపికలో భవనం చూసి మోసపోకండి. దానికి సొంత ఆసుపత్రి ఉందా, రోజూ ఎన్ని ఆపరేషన్లు జరుగుతున్నాయి, విద్యార్థులను మిషన్ ముట్టుకోనిస్తారా లేక గోడ పక్కన నిలబెడతారా అని సీనియర్ విద్యార్థులనే అడగండి. ఫీజు కట్టే ముందే విశ్వవిద్యాలయ అనుబంధ పత్రం కాపీ చూపమనండి; చూపడానికి తటపటాయిస్తే అక్కడ చేర్పించవద్దు.