డెడ్‌లైన్ అనే మాటలో ‘డెడ్’ ఎందుకుంది? గడువుకూ దానికీ తేడా ఏమిటి?

ఆ ‘డెడ్’ అలంకారానికి పెట్టింది కాదండీ, నిజంగా చావే. ఈ మాట యుద్ధఖైదీల శిబిరాల్లోంచి వచ్చింది.

అమెరికా అంతర్యుద్ధం జరుగుతుండగా 1864లో జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్ దగ్గర దక్షిణాది పక్షం వాళ్లు ఉత్తరాది సైనికులను బంధించడానికి ఒక జైలు తెరిచారు. జైలన్నమాటే గానీ గదుల్లేవు. చుట్టూ దుంగలు పాతిన ఎత్తైన గోడ, లోపలంతా ఆరుబయలు. గోడకు లోపలివైపు సుమారు 19 అడుగుల దూరంలో తేలికపాటి కర్రకంచె కట్టారు. దాని పేరే డెడ్‌లైన్. అది దాటినవాణ్ని కాల్చేయమని గోడ మీది కావలివాళ్లకు ఆదేశం. ఆ ఏడాది ఆగస్టుకల్లా దాదాపు 26 ఎకరాల్లో 30 వేలమందికి పైగా ఖైదీలను కుక్కారు. తాగాలన్నా కడుక్కోవాలన్నా లోపల పారే ఒక్క వాగే దిక్కు. వాగు లోపలికి వచ్చే చోట నీళ్లు కాస్త తేటగా ఉంటాయి కదా, వాటికోసం కంచె కింద నుంచి చెయ్యి చాపి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. శిబిరంలో మొత్తం మీద దాదాపు 13 వేలమంది చనిపోయారు. ఎక్కువమందిని బలితీసుకున్నవి రోగాలు, ఆకలి. యుద్ధం ముగిశాక శిబిరం అధికారి హెన్రీ విర్జ్‌ను విచారించి 1865 నవంబరు 10న ఉరితీశారు. ఆ విచారణలో ఈ గీత మాట పదేపదే వచ్చింది.

మన లక్ష్మణరేఖ గుర్తొస్తుంది గానీ, అది లోపలివాళ్ల క్షేమం కోసం గీసింది. ఇది లోపలివాళ్లను చంపడానికి గీసింది.

తర్వాత అచ్చు యంత్రాల దగ్గర, ఏ గీత దాటితే అక్షరం కాగితం మీద పడదో దాన్నీ డెడ్‌లైన్ అన్నారు. 1920 నాటికి అమెరికా పత్రికాఫీసుల్లో అది వార్త అందాల్సిన ఆఖరి వేళ అయిపోయింది. మనం ఇప్పుడు వాడేది ఈ అర్థమే.

నేను ఒక తెలుగు దినపత్రికలో జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. అక్కడ ఈ మాటకు పూర్తి బరువుంటుంది. దూరపు మండలాలకు వెళ్లే పేజీలు ముందు వదలాలి, ఊళ్లో పంచే పేజీలు చివర. ఒక రాత్రి దూరపు ఎడిషన్ పేజీ కట్టడం అయిపోయాక కంట్రిబ్యూటర్ (ఊళ్లో ఉండి వార్తలు పంపే విలేకరి) ఫోన్ చేశాడు, హైవే మీద ఆటోను లారీ గుద్దిందని. ఆయన ప్రభుత్వాసుపత్రి గేటు దగ్గర నిలబడి మాట్లాడుతున్నాడు. ఇటు ప్రొడక్షన్ వాళ్లు “పేజీ వదిలారా?” అని అడుగుతున్నారు. సన్మాన సభ ఫొటో ఒకటి తీసేసి ఆ జాగాలో నాలుగు వాక్యాలు పెట్టాం: ఎక్కడ జరిగింది, ఎంతమంది పోయారు, క్షతగాత్రులు ఏ ఆసుపత్రిలో ఉన్నారు. చనిపోయినవాళ్ల పేర్లు పోలీసులు ఖాయం చేయలేదు, అందుకని రాయలేదు. తెల్లారేసరికి ఏ ఇంట్లోనో లేనిపోని ఏడుపులు పెట్టించే హక్కు ఎవరికీ లేదు. పేర్లు ఆ తర్వాతి ఎడిషన్‌లో వచ్చాయి. ఆ దూరపు ఎడిషన్ పేజీని ఇంకో పావుగంట ఆపామనుకోండి, వ్యాను ఆలస్యం, బస్టాండులో కట్టలు విప్పే పిల్లలకు ఆలస్యం, చివరికి ఆ మండలంలో పేపరు ఎండెక్కాక వస్తుంది. అప్పుడు ఎవరు కొంటారు?

ఇక గడువు సంగతి. గడువు అంటే ఇచ్చిన వ్యవధి కూడా, దాని చివరి రోజు కూడా. “పది రోజుల గడువు ఇచ్చారు” అంటాం, “గడువు ముగిసింది” అనీ అంటాం. డెడ్‌లైన్ ఆ చివరి గీత మాత్రమే. అందుకే “పది రోజుల డెడ్‌లైన్” కంటే “పదో తేదీ డెడ్‌లైన్” అంటే సరిగ్గా అతుకుతుంది. ఆదాయపు పన్ను రిటర్నుల్లాంటివి చివరి తేదీ దాటినా ఆలస్య రుసుము కట్టి వేసుకోవచ్చు. అలాంటిచోట నేనైతే గడువు అనే రాస్తాను. గీత దాటితే పని ఇక ఎందుకూ కొరగాదన్న చోటే డెడ్‌లైన్ వాడతాను.

“ప్రభుత్వానికి ఉద్యోగుల డెడ్‌లైన్” లాంటి హెడ్డింగులు మనం రోజూ చూస్తాం. ఫలానా తేదీలోగా చేయకపోతే సమ్మెకు దిగుతామనే హెచ్చరిక ఉంటే అది అల్టిమేటం. డెడ్‌లైన్‌లో తేదీ ఉంటుంది, బెదిరింపు ఉండక్కర్లేదు.

ఆఫీసు మెయిల్స్ ఇంగ్లీషులో రాస్తారు కాబట్టి ఇంకొక్క మాట: మనవాళ్లు “డెడ్‌లైన్ క్రాస్ అయింది” అంటుంటారు. ఇంగ్లీషులో వేళకు అందిస్తే ‘మీట్’, అందించలేకపోతే ‘మిస్’ వాడతారు.