పెంకు లేని నత్తలు మొలకలు తినేస్తుంటే ఉప్పు చల్లొచ్చా?

మీ ప్రశ్న: బెంగళూరులో టెర్రస్ మీద గ్రోబ్యాగుల్లో పాలకూర, బీన్స్ వేశారు, వానలు పట్టుకున్నప్పటి నుంచి పెంకు లేని నత్తలు రాత్రికి రాత్రే మొలకలు నమిలేస్తున్నాయి, ఉప్పు చల్లమని పక్కింటివాళ్లు చెప్తున్నారు.

చల్లకండి. నత్త చచ్చే మాట నిజమే. కానీ గ్రోబ్యాగులో పడ్డ ఉప్పు ఆ మట్టిలోనే పేరుకుంటుంది. వేళ్లకు నీళ్లందవు, ఆకుల అంచులు మాడతాయి. అది చూసి ఎరువు తక్కువైందనుకుని ఇంకో గుప్పెడు వేస్తారు, దాంతో మొక్క పని సరి. ఉప్పు వాడాలనుంటే బకెట్లో కలిపి పెట్టుకోండి, ఏరిన నత్తల్ని అందులో వెయ్యండి. ఆ నీళ్లు డ్రైనేజీలో పొయ్యాలి, మొక్కల్లో కాదు.

ముందు అసలు దొంగ ఎవరో తేల్చుకోండి. గొంగళిపురుగు అయితే ఆకు మీద నల్లటి రెట్టల గింజలుంటాయి. నత్త తిన్నచోట చిల్లులకు ఒక ఆకారం ఉండదు, పొద్దున ఎండ పడితే మట్టి మీదా కుండీ అంచు మీదా ఎండిన జిగురు చార తళతళలాడుతుంది. రాత్రి వాన కురిస్తే ఆ చార కొట్టుకుపోతుంది, కాబట్టి చార కనబడలేదని నత్తను వదిలెయ్యకండి. తొమ్మిది దాటాక టార్చి వేసి చూడండి. మన దగ్గర ఎక్కువగా కనిపించేది చదునుగా, ముదురు గోధుమ రంగులో, వీపు మధ్యన లేత గీతతో ఉంటుంది. ముట్టుకుంటే కొమ్ములు లోపలికి లాక్కుని ముద్దలా అయిపోతుంది. చేత్తో ముట్టుకోవద్దు, పాత పట్టకారో గ్లౌజులో వాడండి. ఎలుకల ఊపిరితిత్తుల్లో బతికే ఒక నులిపురుగు పిల్లలు నత్తల ఒంట్లో పెరుగుతాయి, అవి మనిషిలోకి చేరితే మెదడు పొరలు వాస్తాయి. అందుకే ఈ సీజన్లో కొత్తిమీరైనా సరే ఆకు ఆకూ విడదీసి కడగండి, పచ్చిగా మాత్రం తినకండి.

రాత్రి ఏరడం కంటే పగలు అవి పడుకునే చోటు పట్టుకోవడమే అసలు పని. నేల మీద ఆనించిన గ్రోబ్యాగు ఎత్తి అడుగు చూడండి: నీళ్లు కారే చిల్లుల దగ్గర, సంచి మడతల్లో, తడి కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కింద ఉంటాయి. అక్కడే సగ్గుబియ్యం ఉడికినట్టు పారదర్శకంగా గుడ్లు కూడా కనబడతాయి, వాటిని ఏరి అదే బకెట్లో వెయ్యండి. సంచులన్నీ ఇటుకల మీదకో స్టాండు మీదకో ఎక్కించండి, కింద గాలి ఆడాలి. తర్వాత వాటికి మీరే ఒక ఇల్లు కట్టండి. అడుగు చదరం గోనెసంచి ముక్క తడిపి, కింద దోసకాయ తొక్కో క్యాబేజీ పైఆకో పెట్టి, సాయంత్రం మొక్కల మధ్య పరవండి. పొద్దున ఎండ రాకముందే ఎత్తి, దానికి అంటుకున్నవన్నీ సబ్బునీళ్లలో దులపండి. ఎండెక్కాక ఎత్తితే అవి వేరే చోటికి జారుకుంటాయి. వారం రోజులు వదలకుండా చెయ్యాలి, మళ్లీ రెండు మూడు వారాలకు ఇంకో విడత, ఎందుకంటే మిగిలిపోయిన గుడ్లు ఈలోగా పిల్లలవుతాయి. చాలామంది నాలుగు రోజులు చేసి "తగ్గాయండీ" అని మానేసేది సరిగ్గా ఇక్కడే.

ఇక నీళ్లు. ఆఫీసు నుంచి వచ్చి సాయంత్రం ఏడింటికి పైపు పట్టే అలవాటుందే, సగం నత్తల్ని పోషిస్తున్నది అదే. రాత్రంతా తడి మట్టి ఉంటే వాటికి పెళ్లి భోజనమే. నీళ్లు పొద్దునే పొయ్యండి, మొక్క మొదలు దగ్గర పొయ్యండి, వానాకాలంలో వేలు పెట్టి చూసి పొయ్యండి. మల్చింగ్ మల్చింగ్ అని వీడియోల్లో ఊదరగొడతారు గానీ, అది మార్చి ఎండలకు. జూన్ నుంచి నవంబరు దాకా మొలకల చుట్టూ ఎండాకులు పరిచారంటే నత్తలకు దుప్పటి కప్పినట్టే.

నత్తలు రాకుండా మొక్కల చుట్టూ గుడ్డు పెంకులు చల్లమంటారే, అది కూడా ఉత్తదే. 2018లో ఇంగ్లండులో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ లెట్యూస్ మొక్కలతో పరీక్ష చేసింది. గుడ్డు పెంకులు, రాగి టేపు, గరుకు ఇసుక, పైన్ బెరడు, ఉన్ని గుళికలు వేసినవాటిలోనూ, ఏమీ వెయ్యనివాటిలోనూ నష్టం దాదాపు ఒకేలా ఉంది. పెంకులు దంచే ఓపిక ఉంటే సంచులు ఎత్తి చూడండి. పురుగుమందులూ పెద్దగా పనికిరావు, నత్త పురుగు కాదు కాబట్టి వాటికి పెద్దగా లొంగదు. బీరు పోసి మట్టిలో పాతిన గిన్నె పనిచేస్తుంది, కానీ రెండు మూడడుగుల దూరం దాకానే. నత్తల్ని లాగేది ఈస్టు వాసనే, కాబట్టి అర లీటరు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు ఈస్టు, రెండు చెంచాల పంచదార కలిపినా చాలు. గిన్నె అంచు మట్టికి అంగుళం పైన ఉంచండి, లేకపోతే నత్తల్ని తినే నేల పెంకుపురుగుల్లాంటి మంచివి కూడా పడి చస్తాయి.

ఇంకా తగ్గకపోతే ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు, చదరపు మీటరుకు సుమారు 5 గ్రాములు, పల్చగా వెదజల్లాలి, కుప్ప పొయ్యకూడదు. తిన్న నత్త తిండి మానేసి మట్టిలోకి దూరి కొన్ని రోజులకు చస్తుంది. శవాలు కనబడలేదని ఇంకో పొట్లం చల్లకండి. షాపుల్లో దొరికే మెటాల్డిహైడ్ 2.5 శాతం గుళికలు మాత్రం కుక్కలకు ప్రాణాంతకం, తింటే ఫిట్స్ వస్తాయి. పైగా నత్తను ఎండగట్టి చంపే మందు అది, ముసురు పట్టిన రోజుల్లో వేస్తే సగం కోలుకుంటాయి. కుక్కలూ పిల్లలూ తిరిగే అపార్టుమెంటు టెర్రస్ మీద అది వద్దే వద్దు.

మీ మొక్కల విషయానికొస్తే, పాలకూర నడిమి చిగురు మిగిలితే మళ్లీ వస్తుంది, పీకకండి. బీన్స్ మొలక పప్పుబద్దల (విత్తనంలోంచి వచ్చే మొదటి రెండు మందపాటి ఆకుల) కింద తెగి ఉంటే ఆశ లేదు, మళ్లీ విత్తండి. ఈసారి ట్రేలో బల్ల మీద మొలకెత్తించి, బల్ల కాళ్ల కింద సబ్బునీళ్ల గిన్నెలు పెట్టండి. ఉత్త నీళ్లు పెట్టారో దోమలు పుడతాయి, డెంగీ మీ ఇంటికే. బల్ల గోడకు ఆనకూడదు. నాలుగు ముదురు ఆకులొచ్చాకే సంచుల్లోకి మార్చండి.