పిలుపు వినబడుతుంది, మాట తెలియదు

ప్రశ్న: మాది సిరిసిల్ల. మా ఆయనకు 46 ఏళ్లు, ఇరవై రెండేళ్లుగా సాంచాల (మరమగ్గాల) మీద పని. పిలిస్తే పలుకుతారు గానీ ఒకటి చెబితే ఇంకోటి వింటారు. రాత్రిళ్లు చెవుల్లో గుయ్యిమంటుందట. గులిమి పట్టి ఉంటుందని, వెల్లుల్లి నూనె కాచి పోయమంటున్నారు మా అత్తమ్మ. పోయొచ్చా?

జవాబు: పోయకండి. కర్ణభేరికి చిల్లుంటే నూనె లోపలికి దిగి చీము పడుతుంది. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది గులిమిలా లేదు. గులిమి అడ్డుపడితే అన్ని శబ్దాలూ తగ్గినట్టుంటాయి. ఏళ్ల తరబడి హోరులో ఉంటే మాత్రం లోపలి చెవిలో సన్నని, కీచు శబ్దాలను పట్టే కణాలు ముందు చస్తాయి. అచ్చులు గట్టిగా పలుకుతాయి. ప, క, త లాంటివి రెప్పపాటులో పోతాయి. అందుకే ‘పాలు’, ‘కాలు’, ‘తాలు’ మూడూ ఆయనకు ‘ఆలు’గానే చేరతాయి. మీరు అరిస్తే పెరిగేది ఆ ‘ఆ’ ఒక్కటే. ఇంట్లో సగం తగవులు ఇక్కడివే. ఎదురుగా నిలబడి నిదానంగా చెప్పండి.

ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి. దానికి ముందు 16 గంటలు షెడ్డుకు వెళ్లకూడదు. డ్యూటీ దిగి నేరుగా వెళితే అప్పటి దిమ్ము కూడా కలిసి నష్టం ఎక్కువ కనబడుతుంది. పరీక్ష గ్రాఫు 4,000 హెర్ట్జ్ (శబ్దం ఎంత కీచో చెప్పే కొలత) దగ్గర గుంటలా దిగి 8,000 దగ్గర కాస్త లేస్తే అది హోరు పనే.

చచ్చిన కణాలు మళ్లీ మొలవవు. మాత్రలకు డబ్బు తగలేయకండి, మిగిలినవి కాపాడుకోండి. 85 డెసిబెల్స్ హోరులో 8 గంటలు ఉండొచ్చు; ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది, 94 దగ్గర ఒక్క గంటే. చేయి చాపినంత దూరంలోని మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే 85 దాటినట్టే. దూది ఆపదు. ఫోమ్ ప్లగ్ (చెవిలో పెట్టుకునే మెత్తని బిరడా) సన్నగా నలిపి, అవతలి చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి దూర్చి, 30 సెకన్లు వేలితో పట్టుకోవాలి. ఎదురుగా చూస్తే బయటికి పొడుచుకుని కనబడిందంటే సరిగా దిగలేదు. డాక్టరు వినికిడి మెషిన్ పెట్టుకోమంటే రెండు చెవులకూ తీసుకోండి, షెడ్డులో మాత్రం పెట్టుకోవద్దు.

ప్రశ్న: నాలుగు రోజుల కిందట లేచేసరికి ఎడమ చెవి మూసుకుపోయింది. నొప్పి లేదు. జలుబు తగ్గాక చూపించుకోవచ్చా?

జవాబు: ఉత్తరం రాసి జవాబు కోసం ఆగే జబ్బు కాదిది. నోరు మూసి ‘మ్‌’ అనండి. మూసుకున్న చెవిలో గట్టిగా వినబడితే గులిమో జలుబో కావచ్చు. మంచి చెవి వైపుకు పోతే లోపలి చెవి దెబ్బతిన్నదని అనుమానించాలి. దానికి ఇచ్చే స్టెరాయిడ్లు మొదటి రెండు వారాల్లో, అందులోనూ ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు. ఎటూ తేలకపోయినా ఇవాళే వెళ్లండి. షుగరుంటే డాక్టరుకు ముందే చెప్పండి, ఆ మందుతో పెరుగుతుంది.