టెక్ సందేహాలు: నా నంబర్ కనిపించకుండా కాల్ చేయొచ్చా?

ప్రశ్న: ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. బడికి రాని పిల్లల ఇళ్లకు నా సొంత ఫోన్ నుంచే కాల్ చేస్తుంటాను. ఆ నంబర్ ఎవరెవరికి చేరిందో ఏమో, రాత్రి పది దాటాక కూడా ఫోన్లు వస్తున్నాయి. ఎత్తాలంటే భయం, ఎత్తకపోతే ఏ పిల్లాడికి ఏమైందోనని టెన్షన్. ఫోన్ సెట్టింగ్స్‌లో ‘హైడ్ నంబర్’ అని చూశాను. అది ఆన్ చేస్తే సరిపోతుందా? (నల్గొండ జిల్లా నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: సరిపోదు మేడమ్. ఆ ఆప్షన్ ఫోన్‌లో ఉంటుంది కానీ, మన దేశంలో మామూలు కనెక్షన్లకు పనిచేయదు.

ఎందుకో చెబుతాను. మనం కాల్ చేసినప్పుడు మన నంబర్‌ను అవతలి వారికి చూపించేది ఫోన్ కాదు, నెట్‌వర్క్. ‘ఈ నంబర్ చూపించవద్దు’ అని ఫోన్ అడగగలదు, అంతే. ఒప్పుకోవాల్సింది టెలికాం కంపెనీ. నంబర్ దాచే ఈ సదుపాయాన్ని సీఎల్ఐఆర్ అంటారు. భద్రతా కారణాల వల్ల మన దగ్గర దీన్ని ప్రత్యేక అనుమతితో కొద్దిమందికే ఇస్తారు. ఒకే మోడల్ ఫోన్ ఎన్నో దేశాల్లో అమ్ముడవుతుంది కాబట్టి ఆ ఆప్షన్ మాత్రం అందరి ఫోన్లలోనూ కనిపిస్తుంది.

మీకు జవాబు రాసే ముందు నేనూ ప్రయత్నించాను. నంబర్‌కు ముందు #31# కొట్టి ఇంట్లో ఉన్న ఇంకో ఫోన్‌కు చేశాను. మొదటి సిమ్‌తో చేస్తే ఫోన్ మోగింది, తెర మీద నా నంబర్ పది అంకెలూ కనిపించాయి. రెండో సిమ్‌తో చేస్తే రింగ్ కాకుండానే కాల్ కట్ అయింది. ఈ రెండోది గుర్తుపెట్టుకోండి. ‘హైడ్’ ఆన్ చేసి మర్చిపోయి, ఆ తర్వాత కాల్స్ వెళ్లడం లేదని సిమ్ మార్చినవాళ్లు ఉన్నారు. మీరు ఇప్పటికే ఆన్ చేసి ఉంటే వెంటనే వెనక్కి మార్చేయండి. గూగుల్ డయలర్‌లో అయితే మూడు చుక్కలు, సెట్టింగ్స్, కాలింగ్ అకౌంట్స్, మీ సిమ్, అడిషనల్ సెట్టింగ్స్, కాలర్ ఐడీ. అక్కడ ‘నెట్‌వర్క్ డిఫాల్ట్’ పెట్టండి. శాంసంగ్‌లో సప్లిమెంటరీ సర్వీసెస్ కింద, ఐఫోన్‌లో ఫోన్ సెట్టింగ్స్‌లో ‘షో మై కాలర్ ఐడీ’ పేరుతో ఉంటుంది.

మీ ఇబ్బందికి నాకు తెలిసిన గట్టి మార్గం బడి కోసం విడిగా ఒక నంబర్. మీ పేరు మీదే తీసుకోండి. మన తెలుగు రాష్ట్రాల్లో ఒకరి పేరు మీద 9 సిమ్‌ల దాకా ఉండొచ్చు. ఫోన్‌లో రెండో సిమ్‌కు చోటు లేకపోతే, ఈసిమ్ (విడిగా కార్డు పెట్టకుండానే ఫోన్‌లో పనిచేసే సిమ్) పనిచేస్తుందేమో చూడండి. తల్లిదండ్రులందరికీ కొత్త నంబర్ ఇచ్చి, పాత నంబర్‌కు వేళ కాని వేళ చేసేవాళ్లను బ్లాక్ చేయండి. సాయంత్రం ఇంటికెళ్లాక సిమ్ సెట్టింగ్స్‌లో ఆ ఒక్క సిమ్‌ను ఆఫ్ చేస్తే చాలు, మీ ఇంటివాళ్ల కాల్స్ మొదటి సిమ్‌కు వస్తూనే ఉంటాయి. నిజంగా అత్యవసరమైతే తల్లిదండ్రులు ఎవరికి చేయాలో, హెడ్మాస్టర్‌తో మాట్లాడి ఒక నంబర్ ఖాయం చేసుకోండి. అప్పుడు ఆ సిమ్ ఆఫ్ చేసినా మనసు పీకదు.

ఒక్క జాగ్రత్త. రెండు సిమ్‌లు ఉన్నప్పుడు పొరపాటున పాత సిమ్ నుంచి ఒక్క కాల్ వెళ్లినా పడ్డ కష్టమంతా వృథా. అందుకే ‘ప్రతిసారీ అడుగు’ అన్నట్టుగా సెట్ చేసుకోండి. కొత్త నంబర్‌ను యూపీఐకి, బ్యాంకుకు కలపకండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. రెండో సిమ్ మీ పాత నంబర్‌ను దాస్తుంది కానీ మీ పేరును దాచదు. కాల్ చేసినవారి పేరు తెర మీద కనిపించే ఏర్పాటు తేవాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 ఫిబ్రవరిలో సిఫార్సు చేసింది. సిమ్ తీసుకున్నప్పుడు దరఖాస్తులో రాసిన పేరే అందులో కనిపిస్తుంది. మీ విషయంలో అది మంచిదే, టీచర్ నుంచి ఫోన్ అని తెలిస్తే ఎత్తుతారు.

వద్దని చెప్పినా ఎవరైనా పదే పదే ఫోన్ చేస్తుంటే అది టెక్నాలజీ సమస్య కాదు, నేరం. మహిళను ఇలా వెంటాడటం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 కిందకు వస్తుంది. కాల్ లిస్టు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని షీ టీమ్స్‌కు చెప్పండి. తప్పు మీది కాదు, సంకోచించకండి.

ప్రశ్న: మనకు కావాల్సిన నంబర్ నుంచి కాల్ వచ్చినట్టు చూపించే యాప్ ఉందని ఫ్రెండ్ అన్నాడు. సరదాకి వాడొచ్చా? (విజయవాడ)

జవాబు: వద్దు తమ్ముడూ. టెలికాం చట్టం 2023 ప్రకారం నంబర్ లాంటి గుర్తింపులను తారుమారు చేస్తే 3 ఏళ్ల దాకా జైలు, లేదా 50 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. విదేశాల నుంచి భారతీయ నంబర్ల వేషంలో వచ్చే కాల్స్‌ను ఆపే వ్యవస్థను 2024 అక్టోబర్‌లో మొదలుపెడితే, మొదటి 24 గంటల్లోనే సుమారు 1.35 కోట్ల కాల్స్ దొరికాయి. ఎంతమందిని ముంచడానికి ఈ పద్ధతి వాడుతున్నారో దీన్నిబట్టే తెలుస్తుంది. పైగా అలాంటి యాప్ మీ కాంటాక్ట్స్, మైక్ పర్మిషన్లు అడుగుతుంది. మీ అమ్మానాన్నల నంబర్లు కూడా అందులోనే ఉన్నాయి కదా.

ప్రశ్న: క్యాబ్ డ్రైవర్‌కు, డెలివరీ అబ్బాయికి మన నంబర్ కనిపించదంటారు. మరి వాళ్లకెలా కుదిరింది? (రాజమహేంద్రవరం)

జవాబు: వాళ్లు నంబర్‌ను దాచడం లేదు, మధ్యలో ఇంకో నంబర్ పెడుతున్నారు. డ్రైవర్ యాప్‌లో కాల్ నొక్కితే అది కంపెనీ తీసుకున్న ఒక నంబర్‌కు వెళ్తుంది. అక్కడి సిస్టమ్ ఏ ట్రిప్పో చూసి మీకు కలుపుతుంది. మీ తెర మీదా, అతని తెర మీదా ఆ మధ్య నంబరే ఉంటుంది. ట్రిప్ అయ్యాక ఆ లింకు తీసేస్తారు. ఇంత ఏర్పాటు ఉన్నా, అడ్రస్ పక్కన ‘వచ్చాక ఈ నంబర్‌కు చేయండి’ అని మన నంబర్ మనమే రాసేస్తాం. పార్శిల్ అట్టపెట్టె మీద పేరు, నంబర్, ఇంటి అడ్రస్ అంటించిన కాగితాన్ని అలాగే చెత్తబుట్టలో పడేస్తాం. పెన్నుతో కొట్టేయండి, లేదా చింపి పారేయండి.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. పాత సోఫా అమ్ముతున్నాను, కొనేవాళ్లకు నా నంబర్ తెలియకుండా ఫోన్ చేయాలి. (ఒక తెలుగు గృహిణి)

జవాబు: అమెరికాలో ఇది తేలికే అమ్మా. నంబర్‌కు ముందు *67 కొట్టండి, ఆ ఒక్క కాల్‌కు మీ నంబర్ కనిపించదు. 911కు, టోల్ ఫ్రీ నంబర్లకు మాత్రం కనిపిస్తుంది. కొందరు నంబర్ లేని కాల్స్ ఎత్తరు కాబట్టి ముందే మెసేజింగ్‌లో ఫలానా టైంకు చేస్తానని చెప్పండి.

ప్రశ్న: మా నాన్నగారికి ‘ప్రైవేట్ నంబర్’ అని కాల్ వచ్చింది. పోలీసులమని, ఆధార్ ఏదో కేసులో ఉందని, వీడియో కాల్‌లోకి రమ్మన్నారు. పెద్ద అధికారులకే నంబర్ దాచే వీలుంటుందని ఆయన నమ్మేశారు. (అనంతపురం)

జవాబు: నంబర్ కనిపించనంత మాత్రాన అధికారి అయిపోరు. ఇంటర్నెట్ ద్వారా చేసే కొన్ని కాల్స్ కూడా నంబర్ లేకుండా వస్తాయి. ఇలా వీడియో కాల్‌లో కూర్చోబెట్టి బెదిరించే ‘డిజిటల్ అరెస్ట్’ అనేది మన చట్టంలోనే లేదు. డబ్బు పంపి ఉంటే ఈ క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. పంపకపోతే టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలోని ‘చక్షు’ అనే ఫిర్యాదు విభాగంలో కాల్ వివరాలు నమోదు చేయండి. నాన్నగారిని కోప్పడకండి. ఈసారి అలాంటి కాల్ వస్తే పెట్టేసి ముందు మీకు ఫోన్ చేయమని చెప్పి, మీ నంబర్ పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ కవర్ వెనక అంటించండి.