మేనమామగా ‘ఫుల్ హౌస్’ చూసినవాడి జవాబు

‘ఫుల్ హౌస్’ లాంటి పాతకాలపు కుటుంబ హాస్య ధారావాహిక వెగటు పుట్టేంత తియ్యగా ఉన్నా జనం దాన్ని మళ్ళీ మళ్ళీ ఎందుకు చూస్తారు, అందులో నిజంగా సరుకుందా లేక అదంతా చిన్ననాటి మమకారమేనా అని మీరు అడిగారు. నాకైతే దాని మీద చిన్ననాటి మమకారం ఏమీ లేదు, ఎందుకంటే నేను దాన్ని మొదటిసారి చూసింది ముప్పై నాలుగేళ్ళ వయసులో, 2008లో. అంతకు ముందటి ఏడాది మా అక్క చనిపోయింది. నేను బావగారి ఇంటికి మకాం మార్చి, ఆయనతో కలిసి ఇద్దరు మేనకోడళ్ళను పెంచుతున్న రోజులవి. పెద్దదానికి పదేళ్ళు, చిన్నదానికి అయిదు. పిల్లలు నవ్వుకుంటారని ఒక స్నేహితుడు డీవీడీలు ఇచ్చాడు. కథేమిటో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. మొదటి భాగం పెట్టిన అయిదు నిమిషాలకు గదిలో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. జెఫ్ ఫ్రాంక్లిన్ రూపొందించిన ఈ ధారావాహిక అమెరికాలోని ఏబీసీ ఛానెల్‌లో 1987 సెప్టెంబరు నుంచి 1995 మే వరకు, ఎనిమిది సీజన్లు, 192 భాగాలుగా ప్రసారమైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండే డానీ టానర్ భార్యను తాగి వాహనం నడిపినవాడి వల్ల జరిగిన ప్రమాదంలో పోగొట్టుకుంటాడు. డీజే, స్టెఫనీ, ఇంకా పాలు తాగే మిషెల్ అనే ముగ్గురు ఆడపిల్లల్ని పెంచడానికి అతనికి తోడుగా భార్య తమ్ముడు జెస్సీ, చిన్ననాటి స్నేహితుడు జోయీ ఆ ఇంటికి వచ్చి ఉండిపోతారు. డానీగా బాబ్ సాగెట్, జెస్సీగా జాన్ స్టేమోస్, జోయీగా డేవ్ కూలియే నటించారు. మొదటి భాగంలో జెస్సీ, జోయీ ఇద్దరూ పసిపిల్లకు డైపర్ మార్చడం చేతకాక వంటింట్లో పడే తంటాలు మా పిల్లల్ని ఆ సాయంత్రం నవ్వించాయి, అందుకే డీవీడీ ఆపకుండా కొనసాగించాం.

ఇంగ్లీషులో జెస్సీ ‘అంకుల్’ మాత్రమే. తల్లి తమ్ముడైనా, తండ్రి తమ్ముడైనా, దారిన పోయేవాడైనా ఆ భాషలో ఒకే మాట. మా చిన్నది మాత్రం రెండో రోజుకే సంబంధాలు తేల్చేసింది: జెస్సీ మేనమామ, జోయీ ఎవరూ కాదు. ‘ఎవరూ కాని మనిషి ఇంట్లో ఎందుకున్నాడు మామయ్యా?’ అని అడిగింది. ఆ ధారావాహికలోని అసలు ఆకర్షణకు ఆ ప్రశ్నే తాళంచెవి అని నాకు తరువాత అర్థమైంది. ఏ బంధుత్వమూ లేనివాడు, పెద్దగా సంపాదన లేని హాస్యగాడు, ఒకరింట్లో ఎనిమిదేళ్ళు ఉండి వాళ్ళ పిల్లల్ని పెంచుతాడు, అయినా అతను ఎందుకున్నాడని ఆ ఇంట్లో ఎవరూ లెక్క అడగరు. జోయీ వేసే మిమిక్రీ జోకుల్లో చాలావాటికి నాకు నవ్వు రాలేదు, కానీ పిల్ల తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి సోఫాలో ఎవరో ఒకరు కూర్చుని ఉంటారన్న భరోసా ప్రతి భాగంలోనూ ఉండేది. ఇంటికి రాగానే తాళం తీసుకోవలసిన పిల్లలకు అది ఎంత పెద్ద సంగతో, దాన్ని పాతచింతకాయ పచ్చడి అని కొట్టిపారేసే విమర్శకులకు తెలిసి ఉండదు.

హాస్యం మోటుగా ఉన్నచోట కూడా ఒక్కొక్కసారి నిజం తగులుతుంది. డానీకి శుభ్రత పిచ్చి, తుడిచినచోటే మళ్ళీ తుడుస్తాడు, దాని మీద రచయితలు ఎనిమిదేళ్ళపాటు జోకులు వేశారు. అక్క పోయిన కొత్తలో మా బావగారు రోజూ రాత్రి పదింటికి అల్మారాలోని బట్టలన్నీ తీసి, మడతపెట్టి, తిరిగి అక్కడే సర్దేవారు. అందువల్ల ఆ జోకులకు ధారావాహికలో ప్రేక్షకుల నవ్వులు వినపడినప్పుడల్లా నేను ఆయన వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించేవాణ్ణి. ఆయన మాత్రం నవ్వేవారు. రచయితలు ఇంత ఆలోచించి రాశారని నేను అనను, బహుశా నవ్వుకు పనికొచ్చే ఒక లక్షణం కావాలని పెట్టి ఉంటారు.

ఇక లోపాల్లో అన్నిటికన్నా పెద్దది ఆ సంగీతమే. ప్రతి భాగంలోనూ ఇరవై నిమిషాలు కావస్తుండగా ఒక పెద్దమనిషి మంచం అంచున కూర్చుంటాడు, పిల్ల తల వంచుకుంటుంది, వెనుక మెత్తగా వాద్యం మొదలవుతుంది, నాలుగు నీతివాక్యాలు, ఒక కౌగిలింత, ప్రేక్షకుల నిట్టూర్పు, అంతే, సమస్య తీరిపోతుంది. ఆ వాద్యం వినపడగానే మా పెద్దది లేచి వెళ్ళిపోయి, అయిపోయాక తిరిగి వచ్చేది. చిన్నదానికేమో అదే ఇష్టం. ఒకసారి అది స్నేహితురాలి రంగు పెన్సిళ్ళు చెప్పకుండా తెచ్చుకుంటే నేను మంచం అంచున కూర్చుని గంభీరంగా మొదలుపెట్టాను. అది కాసేపు చెవులు రిక్కించి, ‘మామయ్యా, మనకి పాట రాదేం?’ అంది. నా ఉపన్యాసం అక్కడితో ముగిసింది, పెన్సిళ్ళు తిరిగి ఇప్పించడానికి మరో వారం పట్టింది.

ఈ సర్దుబాటు చిన్నచిన్న తగాదాలకు సరిపోతుంది, బరువైన విషయాలకు చాలదు. నాలుగో సీజన్‌లో డీజే ఒక ఈతకొలను పార్టీకి సన్నబడాలని తిండి మానేసి, అతిగా వ్యాయామం చేసి కుప్పకూలే కథ ఒకటి ఉంది. 1990లో పిల్లలు చూసే కార్యక్రమంలో ఆ సంగతి ఎత్తడమే మెచ్చుకోదగ్గ పని, చెల్లెలు రహస్యం దాచాలా చెప్పాలా అని నలిగిపోయే భాగం కూడా బాగా రాశారు. అయితే తండ్రి వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పగానే ఆ పిల్ల మామూలుగా తినడం మొదలుపెడుతుంది. అలాంటి బాధ పడుతున్న పిల్ల ఎవరైనా అది చూస్తే, తనకు మాత్రం ఇంత తేలికగా ఎందుకు తగ్గడం లేదో అనుకుని మరింత కుంగిపోయే ప్రమాదం ఉంది.

తల్లి ప్రస్తావన కూడా అంతే. రెండో సీజన్‌లో, అమ్మ ఇచ్చిన ఎలుగుబంటి బొమ్మ పోయిందని స్టెఫనీ ఏడ్చే భాగం మొత్తం ధారావాహికలోకెల్లా నిజాయితీగలదని నా అభిప్రాయం. ఇంట్లో తీసిన పాత వీడియోలో ఆ తల్లి కనిపించేది కూడా అందులోనే. సీజన్లు గడిచేకొద్దీ ఆమె పేరు వినపడటం తగ్గిపోతుంది, దానికి బదులు మిషెల్ ముద్దుమాటలు పెరుగుతాయి. బాలనటుల పనిగంటలకు చట్టం పరిమితి పెట్టినందువల్ల ఆ పాత్రను మేరీ కేట్, ఆష్లీ ఓల్సెన్ అనే కవలలు వంతులవారీగా పోషించారు. పసితనంలో వాళ్ళ చూపులు, నవ్వులు సహజంగా ఉండేవి. తరువాత తరువాత ప్రేక్షకుల చేత ‘అయ్యో పాపం’ అనిపించడానికే రాసిన వాక్యాలను ఆ పిల్ల నోట పెట్టి, ఒకే ఊతపదాన్ని వారం వారం అనిపించి, ఆ సహజత్వాన్ని అరగదీశారు.

పొరుగింటి కిమ్మీ గిబ్లర్ విషయం నన్ను ఇంకా నొప్పిస్తుంది. అందరినీ అక్కున చేర్చుకునే ఇల్లు అని చెప్పుకునే ఆ ఇంట్లో ఆ ఒక్క పిల్లను మాత్రం పెద్దవాళ్ళతో సహా అందరూ వచ్చినప్పుడల్లా వెళ్ళిపొమ్మంటారు, ఆమె పాదాల వాసన గురించి పరాచికాలాడతారు. అక్క పోయాక మా పెద్దదానితో మాట్లాడటానికి తోటిపిల్లలు బెరుకుపడుతుంటే రోజూ ఇంటికి వచ్చి కూర్చున్నది ఒకే ఒక్క వసపిట్ట. ఆ పిల్ల ఉన్నప్పుడు ఈ ధారావాహిక పెట్టేవాళ్ళం కాదు.

మీరు మొదలుపెట్టదలిస్తే మొదటి నాలుగు సీజన్లు చూడండి, వీలైతే అయిదారేళ్ళ పిల్లలెవరైనా పక్కన ఉన్నప్పుడు. చివరి రెండు సీజన్లను వదిలేసినా పెద్దగా పోయేదేమీ లేదు. గుర్రం మీద నుంచి పడి మిషెల్ జ్ఞాపకశక్తి కోల్పోవడం, రెండు భాగాల్లోనే తిరిగి పొందడం అనే ముగింపును నేను సగం కళ్ళతో చూశాను.

2016లో నెట్‌ఫ్లిక్స్‌లో ‘ఫుల్లర్ హౌస్’ అనే కొనసాగింపు వచ్చింది. అందులో డీజే భర్తను పోగొట్టుకుని ముగ్గురు మగపిల్లలతో మిగులుతుంది, తోడుండటానికి స్టెఫనీతో పాటు వచ్చేది ఆ కిమ్మీయే. అప్పటికి మా పెద్దదానికి పద్దెనిమిదేళ్ళు. మొదటి భాగం సగంలో లేచి, ‘మళ్ళీ అదే కథా?’ అని తన గదిలోకి వెళ్ళిపోయింది. చిన్నది, బావగారు కలిసి ఆ సీజనంతా చూశారు. చిన్నదాని కోరిక మీద ఆ పరాచికాల దగ్గర మాత్రం శబ్దం తగ్గించేవారు.